అతుకుల సంగతి అడిగినాయన

ఆయనకు ఏ వస్తువు ఇచ్చినా ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. పుచ్చకాయైనా అంతే, కంప్యూటర్ కార్డైనా అంతే. మొదటిసారి నా గ్రాఫిక్స్ కార్డును అలా కొడుతుంటే నాకు ఒళ్లు మండింది. "అన్నా, అది కొబ్బరికాయ కాదు" అన్నాను. తలెత్తకుండానే, "నాకెరుకనే తమ్మీ. మోత మంచిగనే ఉన్నది, రోగం లోపలుంది" అన్నాడు. కొడితే చిప్పు రోగం తెలియదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ చిన్నప్పటి నుంచి తాండూరు బండలు కొట్టి చూసిన చెయ్యి ఊరుకునేది కాదు.

ఆయన పోయి నెల దాటింది. పేరు రాయను, రాస్తే ఆయన బిడ్డకు బాగుండదు. ఆయన గురించి నేను చెప్పాల్సిన అసలు మాట ఒకటుంది. అది నోటికి రావడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు కాబట్టి, ముందు మనిషి గురించి చెబుతాను.

తాండూరు స్టేషన్ నుంచి బయటికొచ్చి ఎడమవైపు నాలుగు అడుగులేస్తే ఆయన దుకాణం. లోపల ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాలి. పాడైన గ్రాఫిక్స్ కార్డులు బాగుచేయడం ఆయన పని. కార్డు మీద ఉండే పెద్ద చిప్పును వేడి చేసి లేపి, అడుగున ఆవగింజ కన్నా చిన్న టంకం గుళ్లను కొత్తగా పేర్చి, మళ్లీ అదే చోట కూర్చోబెట్టడం. దానికి కావలసిన వేడి పలక ఆయన కొనలేదు. ఇంట్లో జొన్న రొట్టెలు కాల్చే పాత పెంకకు కింద కరెంటు తీగ చుట్టి తనే చేసుకున్నాడు. చిప్పు లేచే వేడి వచ్చిందా లేదా అనేది మీటరు చూసి కాక, పెంక మీద చెయ్యి ఎత్తుగా పట్టి చెప్పేవాడు. నేను ఒకసారి మీటరు పెట్టి చూశాను, ఆయన చెప్పింది తప్పు కాలేదు. ఆ రోజు నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

ఆయన తండ్రి ఇళ్లల్లో బండలు పరిచే మేస్త్రి. ఈయన కూడా ఇరవై ఏళ్లు దాటేదాకా అదే పని, మధ్యలో కొన్నాళ్లు బండలు నున్నచేసే యూనిట్లో. దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగాక డాక్టరు మానేయమంటే, టీవీలు బాగుచేయడం నేర్చుకుని, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాడు. వాళ్ల వీధి చర్చిలో బండలు తండ్రీకొడుకులే పరిచారట. ఆదివారం ప్రార్థనలో అందరూ భక్తితో తల వంచితే ఈయన సందులు చూసుకోవడానికి వంచేవాడు. "పాస్టరు ఏం జెప్పిండు?" అని భార్య అడిగితే, "మూడో వరుసల ఒకటి డొల్ల మోగుతున్నది" అనేవాడట. ఆ సంగతి చెప్పి ఆమే నవ్వేది.

ఇక నా సంగతి. నాది వికారాబాద్. పొద్దున రైలెక్కి హైదరాబాద్ పోయి ఒక కంపెనీలో చిప్పుల పని చేసి, సాయంత్రం తిరిగొస్తాను. మేం చేసేవి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు. ఒకప్పుడు ఆటలాడేవాళ్లకూ పెళ్లి వీడియోలు కత్తిరించేవాళ్లకూ తప్ప వాటితో ఎవరికీ పనుండేది కాదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చాక లోకమంతా వాటి మీదే పడింది. అందులోనూ నా పని చాలా చిన్నది. ఇప్పుడు ఒక్క పెద్ద చిప్పు బదులు నాలుగు, ఎనిమిది, ఇంకా ఎక్కువ చిన్న చిప్పులను ఒకే పలక మీద అతికి ఒక్కటిగా పనిచేయిస్తున్నారు. ఆ అతుకు నిలుస్తుందా లేదా అని పరీక్షించేవాణ్ని నేను.

మొదటి రోజు ఆయనకు ఇదంతా గొప్పగా వివరించాను. చదువుకున్నవాణ్ని కదా, చెప్పకపోతే ఊపిరాడదు. చిప్పు పెద్దదయ్యే కొద్దీ తయారీలో ఎక్కడో ఒక నలుసు పడే అవకాశం పెరుగుతుందని, ఒక్క నలుసుతో మొత్తం చిప్పు పారేయాలని, అందుకే చిన్న ముక్కలుగా చేసి, మంచివి ఏరి అతుకుతున్నారని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపి నా ముఖం చూశాడు.

"గిది మీరు ఇప్పుడు కనిపెట్టిండ్రా?" అన్నాడు. "గనిల ఆరడుగుల బండ లేపినమనుకో, నడిమిట్ల ఒక్క నర ఉంటే ఆరడుగులూ పాయె. గదే రెండడుగుల ముక్కలు గొడితే నర ఉన్న ముక్క ఒక్కటే పోతది, కడమయి పనికొస్తయి. మా నాయిన బడికి పోలె తమ్మీ, గాయినకు గూడ ఎరుక."

నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. తర్వాత అడిగాడు.

"మరి సందుల సంగతేంది?"

సందులే అసలు తలనొప్పి అన్నాను. ఒక ముక్క నుంచి పక్క ముక్కకు సమాచారం దాటాలంటే సందు దగ్గర ఆలస్యమవుతుంది, వేడి పుడుతుంది, పని మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ముక్కలు ఒక్కో తీరుగా సాగి కుంచించుకుంటాయి. రేపు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా కూడా పెడతారన్నాను. "కింది అంతస్తుకు ఉడక వొయ్యదా?" అన్నాడు. పోస్తుంది, దాని మీదే మా గొడవంతా అన్నాను.

"ఒక్క ముక్క ఖరాబైతే గదొక్కటే తీసి ఇంకోటి ఏస్తరా?"

"తీయరాదన్నా. అతికినంక సందుల్లోకి ఒక జిగురు ఎక్కిస్తం. అది గట్టిపడితే అన్నీ కలిసి ఒక్కటే."

ఆయన చేతిలోని కార్డును వెలుగుకు ఎత్తి చూశాడు. "అతుకు పెట్టుడే తీసేటందుకు గదా" అన్నాడు, నాతో కాదు, కార్డుతో అన్నట్టు. రైలు వేళయిందని లేచాను.

అలా మొదలైన పరిచయం నాలుగేళ్లు నడిచింది. నెలకో ఆదివారం తాండూరు పోయేవాణ్ని. కార్డు చెడిపోయి కాదు, ఆయనతో మాట్లాడితే మా ఆఫీసులో నాకు అర్థం కానిది అర్థమయ్యేది. దుకాణంలో ఆయన పక్కన బిడ్డ కూర్చునేది. ఒక్కతే సంతానం. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వచ్చేది, డిగ్రీ అయిపోయాక పొద్దున్నుంచీ అక్కడే. భూతద్దం కింద తల వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కో టంకం గుండును సూదిమొనతో జరిపేది. తండ్రిలా దేన్నీ కొట్టి చూసేది కాదు. "గీ కొట్టుడేంది నాయినా, లోపల బువ్వ ఉడికిందా అని చూస్తున్నవా" అని వెక్కిరించేది. ఆయన మురిసిపోయేవాడు. "మా బిడ్డ చెయ్యి నా చెయ్యి కన్న తేలిక తమ్మీ" అని ప్రతి ఆదివారం ఒకసారైనా అనేవాడు. గుల్బర్గా వైపు నుంచి వచ్చేవాళ్లు కూడా ఆయన్ని కాదని ఆమె చేతికే కార్డు ఇచ్చేవారు, ఆమెకు కన్నడం వాళ్లలాగే వచ్చు మరి.

నాకు మాత్రం ఆమెను అక్కడ చూసినప్పుడల్లా లోపల గుబులుగా ఉండేది. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

ఒక ఆదివారం ఆయనే ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి బల్ల మీద ఒక కార్డు, దాని మీద చిప్పుల జాగా అంతా పొక్కులెక్కి ఉంది. పరిగి నుంచి ఒక కాలేజీ సారు తెచ్చిన కార్డు అది, కొత్త రకం, ముక్కల చిప్పుది. ఒక మూల ముక్క పాడైందని తండ్రీకూతుళ్లు కనిపెట్టారు. అంతవరకు సరిగ్గానే కనిపెట్టారు. తర్వాత ఆయన తనకు తెలిసిన పని చేశాడు. పాత ఇళ్లలో పరిచిన బండను పక్క బండలు చెదరకుండా ఒక్కదాన్నే లేపాలంటే, చుట్టూ సందుల మీద తడి గోనెపట్టా వేసి ఒక రోజు ఉంచుతారు. సున్నం నానుతుంది, పట్టు వదులుతుంది, గడ్డపార మొన పెట్టి లేపితే బండ ఒక్కటే లేస్తుంది. ఆయన గోనెపట్టాను దారాల్లా సన్నగా చీరి, తడిపి, ఆ చిప్పు సందుల మీద పేర్చి ఒక రోజంతా ఉంచాడు. జిగురు నీళ్లు తాగింది, వదల్లేదు. మర్నాడు పెంక మీద పెట్టగానే ఆ నీళ్లు ఆవిరై లోపలి నుంచి ఉబ్బి, బాగున్న ముక్కలను కూడా లేపేశాయి.

"వద్దన్న కాకా" అంది బిడ్డ. నన్ను చిన్నాన్న వరసలో కాకా అనేది. "తడి లోపలికి పోతదని జెప్పిన. ఇనలె."

"ఇనలె" అన్నాడు ఆయన. "నేనే చెడగొట్టిన. సారుకు ఫోన్ జేసి జెప్పిన, మీ తప్పు లేదు, కార్డు తప్పు లేదు, నా తప్పే అని."

బిడ్డను టీ తెమ్మని పంపాడు. ఆమె మెట్లు దిగాక నా వైపు కుర్చీ జరుపుకున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"తమ్మీ, నాకు యాభై నాలుగు. నాదేముంది, ఎట్లనో ఒకట్ల గడుస్తది. బిడ్డను గీ పనిల కూసోబెట్టాల్నా, వద్దా? ఇంకెవ్వర్ని అడిగినా నాకు తెల్వది అంటరు. నీకు తెలుసు. నువ్వు జెప్పు."

నాకు తెలుసు. రాబోయే కార్డులన్నీ ఆ పొక్కులెక్కిన కార్డు లాంటివే. చెడిపోతే విప్పేవి కావు, పారేసేవి. అతుకు ఎంత సన్నబడితే మాకు అంత గెలుపు, ఎంత గట్టిపడితే అంత మెప్పు, ఆ మెప్పు సంపాదించేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇవన్నీ ఒక్క మాటలో చెప్పొచ్చు. వద్దన్నా, వేరే పని చూపించు అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది, నిజంగా వచ్చింది.

"పాత కార్డులు ఇంక పదేండ్లయితే ఉంటయన్నా" అన్నాను.

ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "పదేండ్లంటే బిడ్డకు ముప్పై రెండయితయి" అన్నాడు.

బిడ్డ టీ తెచ్చింది. ముగ్గురం తాగాం. టీ బాగుందని నేను రెండుసార్లు అన్నాను.

ఆ ఎండాకాలమే ఆయనకు ఊపిరి కష్టమైంది. వికారాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చారు. మా ఇంటికి దగ్గరే కాబట్టి రోజు మార్చి రోజు వెళ్లేవాణ్ని. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని కూడా మంచం ఇనుప పట్టీని కణుపుతో కొట్టి, "డొల్లనే" అనేవాడు. పక్క మంచం కోట్‌పల్లి పెద్దాయన, ఈయనతో పడలేక మంచం మార్చమని నర్సును అడిగాడు.

ఒక సాయంత్రం నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ జిగురును కరిగించే మందు లేదా?"

"ఉన్నా అది చిప్పును గూడ తింటదన్నా."

"గట్లయితే మీరు పెట్టేటప్పుడే తియ్యొచ్చేటట్టు పెట్టొచ్చు గదా. జర సోంచాయించు. ముక్కలైతే చేసిండ్రు. మంచియి ఏరుతున్నరు. అంత తెలివున్నోళ్లకు, ఖరాబైన ఒక్కటి తీసి ఏసేటట్టు పెట్టుడు రాదా? మీవోళ్లకు ఎవ్వరు జెప్పలేదేమో. నువ్వు జెప్పు. నా పేరు జెప్పకు, నువ్వే అనుకున్నట్టు జెప్పు."

చెబుతానన్నాను. ఆయన మీద జాలితో అన్నానో, అది మంచి మాటే అనిపించి అన్నానో ఇప్పుడు చెప్పలేను. రెండూ ఉన్నాయనుకుంటాను.

నిజంగానే చెప్పాను. ఆ వారం మా మీటింగులో, అందరూ మాట్లాడాక, చెడిన ముక్కను విడిగా తీసి మార్చేలా అతుకు పెట్టలేమా అన్నాను. మా మేనేజరు చెడ్డవాడు కాదు, ఓపికగానే విన్నాడు. తీయడానికి వీలుగా పెడితే సందు వెడల్పు చేయాలి, సందు వెడల్పయితే వేగం పోతుంది, పట్టు తగ్గుతుంది. చెడిపోతే కొనేవాళ్లు మొత్తం పెట్టె మార్చేస్తున్నారు. ఒక్క ముక్క కోసం ఎవరు కూర్చుంటారు? బాగుచేసే వీలు మనల్ని ఎవరూ అడగలేదు కదా అన్నాడు. నన్ను అడిగినవాడొకడున్నాడు, ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని నేను అనలేదు. అని మాత్రం ఏం లాభం? మేనేజరు చెప్పింది తప్పు కాదు, అదే నా బాధ. నిమిషంలో అయిపోయింది. తర్వాతి విషయానికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. "అడిగినవా?" అన్నాడు నేను కూర్చోకముందే.

"అడిగినన్నా. చూస్తం అన్నరు."

ఆయన ముఖం విప్పారిన తీరు నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను. కోట్‌పల్లి పెద్దాయనను పిలిచి మరీ చెప్పాడు, "మా తమ్మి పెద్ద కంపెనీల జేస్తడు, నా మాట అక్కడిదాంక పోయింది" అని. ఆ పెద్దాయనకు ఏమీ అర్థం కాకపోయినా, మంచిదే అన్నాడు. ఒక్క మాటతో ఒక రోగికి ఇంత సంతోషం ఇచ్చానని ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బుద్ధి అలా పనిచేసింది.

వానలు పడే నాటికి కాస్త తేరుకుని తాండూరు వెళ్లిపోయాడు. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఎప్పుడూ ముందు మా అమ్మ ఆరోగ్యం అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు.

"తమ్మీ, నువ్వు జెప్పిన ముచ్చట పక్కానే గదా? తీసి ఏసే అతుకు. చూస్తున్నరు గదా?"

నా ముందు కంప్యూటర్‌లో అప్పుడే వచ్చిన కొత్త డిజైన్ తెరిచి ఉంది. సందులు ముందటి కన్నా సన్నం, జిగురు ముందటి కన్నా గట్టి.

"పక్కానే అన్నా" అన్నాను.

"సరే, గంతే. ఇంకేం లేదు" అని పెట్టేశాడు. ఎందుకు అడిగాడో నేను అడగలేదు. మీటింగు ఉండింది, వెళ్లిపోయాను.

చలికాలం మొదట్లో పోయాడు. ఆఖరి రోజుల్లో మాట లేదట. నాకు కబురు అందేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. తర్వాత ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు మాత్రం వెళ్లాను. చర్చిలో మూడో వరుసలో నిలబడ్డాను. పాస్టరు ఆయన్ని నమ్మకమైన పనివాడు అన్నాడు. అందరూ తలలు వంచారు. నాకు ఏడుపు ఆగలేదు.

భోజనాలయ్యాక బిడ్డ దుకాణం తెరవాలంది, కార్డులు చాలా మిగిలిపోయాయట. నేనూ వెంట వెళ్లాను. ఆమె షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, తండ్రి కుర్చీలో కాక తన కుర్చీలోనే కూర్చుంది. పెంక స్విచ్చి వేసింది. అది వేడెక్కే లోపల నా వైపు తిరిగింది.

"కాకా, అది ఎంతదాంక వచ్చింది?"

"ఏది బిడ్డా?"

"తీసి ఏసే అతుకు. నువ్వు మీ కంపెనీల జెప్పినవంట గదా. చేస్తున్నరంట గదా. నాయిన దినాం అదే ముచ్చట."

మళ్లీ అదే అబద్ధం నోటిదాకా వచ్చింది. తేలికగా వచ్చింది. కానీ ఆమె ముఖం చూస్తూ అనలేకపోయాను.

"వద్దన్నరు బిడ్డా."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలనే. మీ నాయిన ఆసుపత్రిల ఉన్నప్పుడే."

ఆమె వేళ్లు బల్ల మీద ఆగిపోయాయి. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. వస్తే బాగుండేది.

"వానలప్పుడు నాయిన నీకు ఫోన్ జేసిండు గదా, పక్కానే గదా అని" అంది నెమ్మదిగా. "నేను పక్కకే నిలవడ్డ. గా దినమే లెటర్ వచ్చింది కాకా. హైదరాబాద్‌ల ఆసుపత్రి మిషన్లు బాగుజేసే కంపెనీ, ట్రైనింగ్‌కు రమ్మన్నరు. ట్రైనింగ్ అయినంక నౌకరీ. నాయిన పొమ్మనే అన్నడు ముందుగాల. జర ఆగు, తమ్మిని ఒక్క మాట అడుగుత అన్నడు. నువ్వు పక్కా అన్నంక, ఇంక ఫికర్ లేదు బిడ్డా, మన పని మనకుంటది అన్నడు. నేను పోలె."

నేను ఏదో అనబోయాను. ఇప్పుడైనా అడిగి చూద్దామా, నాకు తెలిసినవాళ్లున్నారు అనబోయాను. "ఆ జాగాలు నిండినయి" అంది, నేను అనకముందే.

అప్పుడే ఒకాయన మెట్లెక్కి వచ్చాడు, సేడం నుంచి. సంచిలోంచి కార్డు తీసి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పైమూత విప్పి, భూతద్దం కిందికి జరిపి చూసింది. నాకు నిలబడ్డ చోటి నుంచే కనిపించింది, కొత్త రకమే, సందులు వెంట్రుకంత కూడా లేవు. ఆమె చాలాసేపు చూసింది. వేడెక్కిన పెంక స్విచ్చి ఆపేసింది. మూత మళ్లీ బిగించి కార్డు ఆయన చేతికే ఇచ్చేసి, "ఇదు ఆగంగిల్లరీ" అంది. ఇది బాగయ్యేది కాదండీ అని, కన్నడంలో. ఆయన నమ్మలేనట్టు ఆమెను చూసి, నన్ను చూసి, కార్డు సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆయన వెళ్లాక ఆమె నా వైపు తిరిగింది.

"నీ రైలు టైమయితున్నది కాకా" అంది.